మూడో టెన్షనర్

మునగాల దాటగానే మీటరు బోర్డులో బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. ఆ వెంటనే బానెట్ కింద టపటపమని నాలుగు దెబ్బలు. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఏసీ గాలి నిమిషంలో వేడెక్కింది. ముందున్న వడ్ల ట్రాక్టరును తప్పించబోతే స్టీరింగు బిగుసుకుపోయింది. రెండు చేతులా బలం పెట్టి లాగితే తప్ప బండి పక్కకు రాలేదు.

"మల్లా అదేనా?" వెనక సీట్లోంచి భార్య.

"అదే."

"పెద్దగట్టు జాతరకు పోదామంటే పనులున్నయంటివి. లింగన్నకు మొక్కు బాకీ పెడితే గిట్లనే ఉంటది."

ఆయన జవాబివ్వలేదు. ఏసీ, పాటలు, ఫోను చార్జింగు అన్నీ ఆపేశాడు. పొద్దింకా గూకలేదు కాబట్టి లైట్ల అవసరం పడలేదు. 65వ నంబరు జాతీయ రహదారి ఎడమ అంచు పట్టుకుని కోదాడ వైపు మెల్లగా పోనిచ్చాడు. బయల్దేరింది ఓ పెళ్ళికి. దాని ముహూర్తం సంగతి అప్పటికే మర్చిపోయాడు.

సూర్యాపేటలో కాపురముంటూ, కోదాడ, హుజూర్‌నగర్ వైపు సాగర్ ఎడమ కాలువ కింద పండే సన్నధాన్యం కొనిపించి మిర్యాలగూడ మిల్లులకు తోలే కమీషన్ వ్యాపారి ఆయన. పేరు మనకు అనవసరం. బండి కంపెనీ పేరు అంతకన్నా అనవసరం, ఎందుకంటే ఈ జబ్బు ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. ఈ దారుల్లో తిరిగే పాత డీజిల్ కార్లకు జరిగేదాన్నే ఒక మనిషి చుట్టూ అల్లి చెబుతున్నాను. మనుషులూ మాటలూ కల్పించినవి. రోగం, లక్షణాలు, వైద్యం మాత్రం నిజం.

బండి 2012 మోడల్ డీజిల్ సెడాన్. ఆ రోజుల్లో డీజిల్ కారు కొనని వ్యాపారి ఎవరు? 2010 జూన్‌లో పెట్రోలు ధర మీద ప్రభుత్వం పట్టు వదిలేసింది. డీజిల్ మీద మాత్రం 2014 అక్టోబరు దాకా వదల్లేదు. ఆ నాలుగేళ్ళూ రెండింటి ధరల మధ్య తేడా చూసి జనం డీజిల్ కార్ల మీద పడ్డారు. అప్పటి బండ్లు ఇప్పుడు జిల్లాల్లో రెండో చేతికో మూడో చేతికో వచ్చి, లక్షన్నర కిలోమీటర్లు దాటి, ఇంకా తిరుగుతున్నాయి. ఇంజన్లు గట్టివే. ఇంజను చుట్టూ వేలాడే సామాన్లకే వయసు మీద పడింది.

ఈ బండి ఇంజను ముందు భాగంలో ఆరు గాళ్ళ బెల్టు ఒకటుంటుంది. క్రాంకు పుల్లీ దాన్ని తిప్పుతుంది. అది డైనమోను (ఆల్టర్నేటర్ అని బిల్లుల్లోనే రాస్తారు), ఏసీ కంప్రెసరును, పవర్ స్టీరింగు పంపును తిప్పుతుంది. దాన్ని ఎప్పుడూ బిగువుగా పట్టి ఉంచేది టెన్షనర్. స్ప్రింగుతో నొక్కే ఓ ఇనుప చెయ్యి, దాని కొసన ఓ చక్రం. చెయ్యి ఊగిపోకుండా లోపల ఒక బుష్ ఒరుసుకుంటూ ఆపుతుంది. నొక్కడం స్ప్రింగు పని, ఊగకుండా చూడటం బుష్ పని. ఈ రెండో పని సంగతి చాలామంది మెకానిక్కులు పట్టించుకోరు. కథంతా దాని దగ్గరే ఉంది.

పాత జీపుల కాలంలో బెల్టు తెగితే ఇంత దడ ఉండేది కాదు. డీజిల్ పంపు పూర్తిగా మెకానికల్. ఒక్కసారి తోసి స్టార్టు చేస్తే బ్యాటరీ పీకేసినా ఇంజను నడిచేది, ఆపాలంటే డ్యాష్‌బోర్డు కింద తీగ లాగాల్సి వచ్చేది. కామన్ రైల్ వచ్చాక ఆ ధీమా పోయింది. ఇంజెక్టరు తెరుచుకోవాలన్నా కరెంటు కావాలి, కంప్యూటరు బతకాలన్నా కరెంటు కావాలి. డైనమో ఆగితే బ్యాటరీలో ఎంతుంటే అంతే ప్రయాణం.

అది కోదాడ దాకా సరిపోయింది.

బైపాస్ పక్క షెడ్డులో మెకానిక్కు బానెట్ ఎత్తి, టార్చి వేసి, తల అడ్డంగా ఊపాడు.

"ఈ టెన్షనర్ ఎప్పుడు వేయించారండీ?"

"నాట్లప్పుడు. సూర్యాపేటలో."

"ఇప్పుడు నడిచేది కోతలే కదండీ!"

ఒక్క పంటకాలం కూడా ఆగలేదన్నమాట. దానికి ముందు వేసింది ఇంకో పంటకాలం. కంపెనీ నుంచి బండితో వచ్చింది మాత్రం లక్షా ముప్పై వేల కిలోమీటర్లు కిక్కురుమనకుండా పనిచేసింది. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూసిన వాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు, బండి ఓనరుతో సహా.

కోదాడ మెకానిక్కు నోస్ ప్లయర్ తీసుకుని క్రాంకు పుల్లీ వెనక వేలాడుతున్న నల్లటి పోగును పట్టి మెల్లగా లాగాడు. జానెడు వచ్చింది. ఇంకో జానెడు. తెగిన బెల్టు అంచు చీలి, దారాలు దారాలుగా టైమింగ్ కవరు సందులో దూరడానికి సిద్ధంగా ఉంది.

"ఇది లోపలికి పోలేదు చూశారూ, మీ అదృష్టమండి."

ఆయనన్న మాట అక్షరాలా నిజం. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్లలో కొన్నిటికి క్రాంకు పుల్లీ వెనకే ఆ బెల్టు తిరుగుతుంది. బయటి బెల్టు చీలి ఆ పోగులు లోపల పడితే టైమింగ్ బెల్టు పళ్ళు జారుతుంది. పిస్టన్లు పైకొచ్చే వేళకు వాల్వులు ఇంకా తెరిచే ఉంటాయి. రెండూ గుద్దుకుంటాయి. కొన్ని వందల రూపాయల రబ్బరు హెడ్డు మొత్తం దించేదాకా తెస్తుంది. అందుకే ఈ బెల్టు తెగితే బ్యాటరీ ఉంది కదా అని నడుపుకుంటూ పోవడం మొండి ధైర్యమే. ఈయన బతికి బయటపడ్డాడంతే.

కొత్త టెన్షనర్ దొరికింది. సరైన బెల్టు దొరకలేదు. బెల్టు వీపు మీద 6పీకే అని, దాని పక్కన ఒక అంకె ఉంటుంది. ఆరు గాళ్ళని, ఇన్ని మిల్లీమీటర్ల పొడవని దానర్థం. షాపులో ఉన్నది పది మిల్లీమీటర్లు పొట్టిది. "టైటుగా ఉంటే జారదు లెండి," అని అదే ఎక్కించాడు. మంచి మనసుతో చేసిన చెడ్డ పని. టెన్షనర్ చెయ్యి ఏ గీతకూ ఏ గీతకూ మధ్య ఉండాలో తయారుచేసినవాళ్ళు దాని ఒంటి మీదే గీసి పెడతారు. పొట్టి బెల్టుతో అది గీత దాటి నిలబడింది.

తెల్లారి పాత టెన్షనర్లు మూడూ, బండితో వచ్చినదీ ఆ తర్వాత వేయించిన రెండూ, డిక్కీలో గోనెసంచిలో చేరాయి. ఆ రెండూ వేసిన సూర్యాపేట ఉస్తాద్ వాటిని చూసి ఒకే మాట అన్నాడు.

"డూప్లికేటు సామాన్ అన్నా."

"రెండోది కంపెనీ ప్యాకింగే. బిల్లున్నది నా తాన."

"అయితే కంపెనీ వోళ్ళే డూప్లికేటు అమ్ముతున్నరు."

ఇలా తలా ఓ కారణం చెప్పారు. బావమరిది మిల్లుల దుమ్మన్నాడు. మిర్యాలగూడలో మిల్లుల మధ్య తిరిగే బండి కాబట్టి ఊక దుమ్ము, తవుడు దుమ్ము బేరింగుల్లో చేరి తినేస్తున్నాయని ఆయన వాదన. వినడానికి బాగానే ఉంది. సర్వీసు సెంటరులో అడిగితే బెల్టు కిట్టు మొత్తం మార్చాలని అంచనా రాసిచ్చారు, ఎందుకు పోతోందని మాత్రం ఎవరూ అడగలేదు. ఊరంతా టెన్షనర్ గురించే మాట్లాడింది. విరిగిన వస్తువే దొంగని అందరూ తీర్మానించేశారు.

అసలు సంగతి బయటపడింది ఆ మిల్లుల దుమ్ములోనే.

కోతల రోజుల్లో మిర్యాలగూడ ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా వచ్చే 167వ నంబరు రహదారి మీద వడ్ల ట్రాక్టర్లు, లారీలు బారులు తీరతాయి. ఆయన ఓ మిల్లు ఆవరణలో బండి ఆపి, ఇంజను నడుస్తుండగానే గుమాస్తాతో తేమ శాతం మీద వాదిస్తున్నాడు. బాయిలరు వైపు నుంచి భుజాన తువ్వాలతో వస్తున్న మిల్లు ఫిట్టరు ఆగాడు. అరవై దాటిన మనిషి. పట్టా బెల్టుల కాలం నుంచి ఎలివేటర్లు, హల్లర్లు, పాలిషర్లు బిగించిన చేతులు.

"సేటూ, బండ్లె ఏందో కొట్టుకుంటున్నది."

"టెన్షనర్ కాకా. మొన్ననే కోదాడల కొత్తది ఏయించిన."

"కొత్తదైతే ఎందుకు కొట్టుకుంటది? లేపు."

బానెట్ లేపారు. ముసలాయన వంగి చూశాడు. టెన్షనర్ చక్రం అంచు స్పష్టంగా కనబడటం లేదు, అంతలా అదురుతోంది. ఏసీ వేయమన్నాడు. అదురు ఇంకా పెరిగింది. ఎక్స్‌లేటర్ కొంచెం తొక్కమన్నాడు. ఇంజను వేగం పెరగ్గానే చెయ్యి సర్దుకుంది. వదలగానే మళ్ళీ మొదలు.

"బెల్టు తప్పు గాదిది. ఎవడో బెల్టును గుంజి వదుల్తున్నడు. పాతయి ఉన్నయా?"

డిక్కీలోంచి గోనెసంచి వచ్చింది. ఫిట్టరు మూడింటినీ సిమెంటు అరుగు మీద వరసగా పెట్టి, ఒక్కోదాన్నీ చేత్తో తిప్పి చూశాడు. మొదటిదాని చక్రం గరగరలాడింది. బేరింగులో గ్రీజు ఎండిపోయింది, బుష్ చుట్టూతా సమంగా అరిగింది. "ఇది ముసలితనంతోని పోయింది," అని పక్కకు జరిపాడు. మిగతా రెండింటి చక్రాలూ చప్పుడు లేకుండా నున్నగా తిరిగాయి. చెయ్యి పట్టి ఊపితే మాత్రం లొడలొడమన్నాయి. స్క్రూడ్రైవరుతో మూత లేపి చూపించాడు. లోపల బుష్ ఒకవైపే తినేసినట్టు అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. తుప్పు రంగు పొడి రాలింది. చెయ్యి చివరికంటా పోకుండా ఆపే ఇనుప గుబ్బ మీద సుత్తితో కొట్టినట్టు సొట్ట.

"దుమ్మయితే ముందుగాల బేరింగు పోవాలె గదా సేటూ. బేరింగు సల్లగున్నది. బుష్ పోయింది. అంటే తిరిగి తిరిగి పోలే, ఊగి ఊగి పోయింది."

ఊక దుమ్ము మీద పడ్డ నింద అక్కడితో పోయింది. ఆ తర్వాత ఆయన ఇంకో ప్రశ్న అడిగాడు. నా లెక్కలో ఈ కేసు తేలింది ఆ ప్రశ్నతోనే.

"ఈ రెండిట్ల మొదటిది పోకముందు బండికి ఏం పని చేయించినవ్?"

"ఏం చేయించలే. బెల్టు పనే..."

"బెల్టు సంగతి అడుగుతలేను. ఏ పనైనా."

కాసేపు ఆలోచించాక బయటికొచ్చింది. అంతకుముందు ఎండాకాలం విజయవాడ పోయి వస్తుంటే చార్జింగు ఆగిపోయింది. దారిలో ఓ షాపులో రాత్రికి రాత్రి డైనమో విప్పించి బాగుచేయించాడు. పుల్లీ కూడా జామైందన్నారు, కంపెనీది ఖరీదు, దీన్ని మించిన గట్టి పుల్లీ కొన్ని వందల్లో వేస్తామన్నారు. వేయించుకుని వచ్చేశాడు. ఇన్నాళ్ళలో ఏ మెకానిక్కుకూ ఆ ముక్క చెప్పలేదు. దాచాడని కాదు. టెన్షనర్ గురించి అడిగితే ఎవరైనా టెన్షనర్ గురించే చెబుతారు.

ఇద్దరూ బండెక్కి డైనమో, సెల్ఫు మోటార్ల షాపుకు పోయారు. అక్కడి కుర్రాడు సెల్‌ఫోన్ టార్చి కొట్టి చూడటానికి పది సెకన్లు కూడా పట్టలేదు.

"నట్టు కనబడుతున్నది సార్."

"నట్టుంటే ఏమైతది?"

"ఈ మోడల్‌కు నట్టు ఉండొద్దు. నల్లటి ప్లాస్టిక్ మూత ఉండాలె. మూత కింద 33 పళ్ళ సాకెట్‌తోని విప్పే పుల్లీ ఉండాలె. మీకు ఏసింది మామూలు గట్టి పుల్లీ."

బల్ల కిందనుంచి మూత ఉన్న పుల్లీ ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాడు. లోపలి భాగాన్ని పట్టుకుని బయటి చక్రాన్ని తిప్పమన్నాడు. ఒకవైపు గట్టిగా పట్టుకుంది. రెండోవైపు వదులుగా, ఏ పట్టూ లేకుండా తిరిగిపోయింది. సైకిల్ వెనక చక్రం ఫ్రీవీల్ లాంటిదే. తొక్కితే పట్టుకుంటుంది, తొక్కడం ఆపినా చక్రం తన పాటికి తాను పోతుంది.

డైనమోకు అది ఎందుకంటే, నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంకు ఒక్క చుట్టు తిరిగేలోగా రెండుసార్లు పేలుడు జరుగుతుంది. పేలినప్పుడల్లా క్రాంకు ముందుకు ఉరుకుతుంది, మధ్యలో మందగిస్తుంది. పెట్రోలు ఇంజనులోనూ ఇదుంటుంది గానీ, గాలిని పదహారు పదిహేడు వంతులు నొక్కి మండించే డీజిల్‌లో ఆ కుదుపు చాలా ఎక్కువ. బండి నిలబడి ఉండగా ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే నిమిషానికి 1,600 కుదుపులు, గంటకు 96 వేలు. డైనమో లోపలి రోటరు బరువైంది, పైగా క్రాంకు కంటే రెండు మూడు రెట్లు వేగంగా తిరుగుతుంది. బెల్టు మందగించిన ప్రతిసారీ అదీ తటాలున మందగించాలంటే కుదరదు. అప్పుడది తన వేగంతో బెల్టునే లాగుతుంది. ఒకవైపు బెల్టు బిగుస్తుంది, ఇంకోవైపు వదులవుతుంది. ఆ వదులును మింగడానికి టెన్షనర్ చెయ్యి దిగుతుంది, మరుక్షణం దెబ్బ తిని లేస్తుంది. గంటకు 96 వేల సార్లు. ఫ్రీవీల్ ఉంటే రోటరు తన పాటికి తిరుగుతుంది, బెల్టు జోలికి రాదు. గట్టి పుల్లీ వేసిన రోజునే టెన్షనర్‌కు ఆయుష్షు మూడింది. ఏసీ వేస్తే ఇంజను మీద బరువు పెరిగి ప్రతి కుదుపూ ఇంకాస్త బలంగా పడుతుంది. ఎక్స్‌లేటర్ తొక్కితే కుదుపులు దగ్గరపడి చిన్నవైపోతాయి. మిల్లు ఆవరణలో ముసలాయన చేయించిన రెండు పరీక్షలూ ఇవే.

కుర్రాడు పుల్లీ మార్చడానికి సిద్ధమయ్యాడు. ఫిట్టరు ఆపాడు.

"ఆగు బిడ్డా. చాక్‌పీసున్నదా?"

క్రాంకు పుల్లీ ఒకే ముద్ద కాదు. లోపల ఓ చక్రం, బయట ఓ చక్రం, మధ్యలో రబ్బరు పట్టీ. క్రాంకు మెలితిరిగే అదురును ఆ రబ్బరు మింగుతుంది. క్రాంకుకు ఇలాంటి అదురు పట్టుకుంటుందని, దాన్ని ఆపే సాధనం కావాలని ఇంగ్లండు ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ వందేళ్ళ కిందటే కనిపెట్టి పెట్టాడు. మిర్యాలగూడ ఫిట్టరు ఆ పేరు విని ఉండడు, అవసరం కూడా పడలేదు. లోపలి చక్రం నుంచి రబ్బరు మీదుగా బయటి చక్రం దాకా చాక్‌పీసుతో ఒకే గీత గీశాడు. బండి స్టార్టు చేయించి, రెండు మూడుసార్లు ఎక్స్‌లేటర్ తొక్కించి, ఆపించాడు.

గీత రెండు ముక్కలైంది. లోపలి ముక్కకూ బయటి ముక్కకూ మధ్య బొటనవేలంత ఎడం వచ్చింది. రబ్బరు పట్టు వదిలేసింది.

ఇక అక్కడ గొడవ మొదలైంది. గట్టి పుల్లీ కొట్టిన దెబ్బలకే క్రాంకు పుల్లీ రబ్బరు తెగిందని కుర్రాడు. పదేళ్ళు దాటిన రబ్బరు ఇంజను వేడికి తనంత తానే ఎండి విడిపోయిందని ముసలాయన. మొదటి టెన్షనర్ ముసలితనంతో పోయిన మాట నిజమే కాబట్టి రబ్బరుకూ అదే వయసని ఆయన లెక్క. ఇద్దరి మాటలోనూ పస ఉంది. నాకు మాత్రం ముసలాయన వైపే మొగ్గు, ఎందుకంటే రబ్బరు అంచున పగుళ్ళు కొత్తవి కావు, వాటిలో మట్టి నిండి ఉంది. ఏది ముందైనా మార్చాల్సింది రెండూ. డైనమో పుల్లీ ఒక్కటే మార్చి పంపితే కొనబోయే నాలుగో టెన్షనర్ కూడా ఏ రబీ కోతలకో గోనెసంచి చేరేది.

క్రాంకు పుల్లీ మిర్యాలగూడలో దొరకలేదు. హైదరాబాద్ నుంచి ఆర్టీసీ కార్గోలో తెప్పించారు. ఫ్రీవీల్ పుల్లీ, క్రాంకు పుల్లీ, సరైన పొడవు బెల్టు, ఐడ్లర్ అన్నీ ఒకేసారి పడ్డాయి. కోదాడలో వేసిన, కొన్నవాటిలో మూడోదైన టెన్షనర్‌ను కూడా తీసేయమన్నాడు ఫిట్టరు. నెల కూడా కాలేదని వ్యాపారి ప్రాణం ఒప్పుకోలేదు. విప్పి బుష్ చూపించాక నోరెత్తలేదు. బిల్లు చూసి మాత్రం, "ఈ పైసలతోని ఎన్ని టెన్షనర్లొచ్చేవో," అని గొణిగాడు.

స్టార్టు చేస్తే కొత్త టెన్షనర్ చెయ్యి గీతల నడుమ కదిలీ కదలనట్టు నిలబడింది. ఏసీ వేసినా అంతే. ఆపాక డైనమో లోపల రోటరు మాత్రం ఓ క్షణం ఎక్కువసేపు గిర్రున తిరిగి ఆగింది. ఫ్రీవీల్ బతికి ఉందనడానికి చెవికి తెలిసే గుర్తు అదే.

మర్నాడు సూర్యాపేట ఉస్తాద్ షెడ్డుకు పోయి గోనెసంచి, గట్టి పుల్లీ, విడిపోయిన క్రాంకు పుల్లీ అతని ముందు కుమ్మరించాడు. ఉస్తాద్ అన్నీ తిప్పి చూసి, ముందు తన పరువు సంగతి తేల్చుకున్నాడు.

"అంటే నేనేసిన టెన్షనర్లు మంచియే అన్నట్టు."

"మంచియే. నువ్వు చూడనిది వేరే."

ఉస్తాద్ ఏదో అనబోయి ఆగాడు. అతని వెనక ర్యాంపు మీద ఇంకో కంపెనీ డీజిల్ బండి, బెల్టు విప్పేసి ఉంది. దాని ఓనరు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఉస్తాద్ లేచిపోయి ఆ బండి డైనమో మీద మూత లాగాడు. లోపల గ్రీజు తుప్పు పొడిగా మారి ఉంది. వెనక ఫ్యాను సందులోంచి స్క్రూడ్రైవరు పెట్టి రోటరు కదలకుండా పట్టి, పుల్లీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. రెండువైపులా బిర్రుగా పట్టేసింది.

"మీకు ఇది ఎన్నో టెన్షనర్ సార్?" టీ తాగుతున్నాయనను అడిగాడు.

"రెండోది. ఎందుకు?"

ఉస్తాద్ ఫోను తీసి, సామాను షాపుకు పోయిన కుర్రాడికి చేశాడు.

"చోటూ, టెన్షనర్ తీస్కోకు. ఆగు. డైనమో పుల్లీ అడుగు, మూతున్నది. మల్ల 33 పళ్ళ సాకెట్ కూడా."

అవతల కుర్రాడు అదేంటని అడిగినట్టున్నాడు.

"నాగ్గూడ ఇప్పుడే తెలిసింది బే. అడుగు ముందుగాల."